ఖదీజా మార్కులు

ముందే చెప్పేస్తున్నాను, నేను ఓర్వలేని మనిషిని. ఎదుటివాళ్ళ చీర చూసో, గాజులు చూసో కుళ్ళుకునే రకం కాదు. ఎన్నయినా కొనుక్కోండి, నాకు పనిలేదు. పనిలో నన్ను మించినవాళ్ళు కనబడితే మాత్రం ఆ పూట నాకు అన్నం సయించదు. టైపు హయ్యరు ఇంగ్లీషులోనూ తెలుగులోనూ ఫస్టు క్లాసు, షార్ట్‌హ్యాండ్ నిమిషానికి నూట ఇరవై మాటలు. పెళ్ళయి తెనాలి నుంచి సంతోష్‌నగర్ వచ్చిన కొత్తల్లో ఈ మూడు సర్టిఫికెట్లకీ ఫ్రేములు కట్టించి ముందుగదిలో తగిలిస్తే, మా ఆయన ఉమాపతి గారు "మరి దేవుడి పటాలు ఎక్కడ పెడదాం, సుందరీ" అని అడిగారు. వంటింట్లో పెట్టాం.

ఖదీజా నా శిష్యురాలు. 1996లో నేను మా వీధి చివర టైపు ఇన్‌స్టిట్యూట్‌లో నేర్పుతుంటే జహనుమా నుంచి వచ్చేది. ఇంటర్ చదివే పిల్ల. వాళ్ళ నాన్న కమాలుద్దీన్ గారు కుట్టుమిషన్లు బాగుచేసేవారు. అందుకేనేమో, మొదటిరోజే టైపు మిషన్ ముందు ఏళ్ళ తరబడి కూర్చున్నదానిలా కూర్చుంది. మూడు నెలల్లో నా వేగం దగ్గరికి వచ్చేసింది. అప్పుడు మురిసిపోయాను. నా కింద ఉన్నంతసేపు ఎవరి తెలివైనా నాకు ముద్దే.

ఆ రోజుల్లో టైపు పరీక్షకి మిషన్ మనమే మోసుకుపోవాలి. లోయరు పరీక్ష నాడు సెంటరు గేటు దగ్గర ఖదీజా మిషన్‌కి క్యారేజి లాగే పట్టీ పుటుక్కున తెగింది. పిల్ల మొహం పాలిపోయింది. నేను రిక్షా ఎక్కి ఇంటికెళ్ళి, ఎవరినీ ముట్టుకోనివ్వని నా సొంత మిషన్ తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాను. రాసి బయటికి వచ్చేదాకా గోడ నీడన నిలబడ్డాను కూడా. ఇది ఎందుకు చెబుతున్నానంటే, నేను పుట్టుకతో చెడ్డదాన్నని మీరు అనుకోకూడదు.

తర్వాత నేను పురానీ హవేలీ కోర్టు దగ్గర ఒక వకీలు గారి దగ్గర టైపిస్టుగా చేరాను. రెండేళ్ళకి ఖదీజాని కూడా నేనే చేర్పించాను. 2003లో మా ఇంటికి నాలుగు వీధుల అవతల, ఒక మూడో అంతస్తులో కొత్త కంపెనీ పెట్టారు. అమెరికాలో కంపెనీలు కోర్టుకెక్కితే వాళ్ళ కాగితాలు లక్షల్లో ఉంటాయట. వాటిని స్కాన్ చేసి మనకి పంపుతారు. ఒక్కో పేజీ చూసి తేదీ ఏమిటి, ఎవరు ఎవరికి రాశారు, ఉత్తరమా ఒప్పందమా, వకీలుకీ కక్షిదారుకీ మధ్య రహస్యమా అన్నది కంప్యూటర్లో ఎక్కించాలి. కోర్టు కాగితాలు తెలిసినవాళ్ళు కావాలన్నారు. ఇద్దరం వెళ్ళాం, ఇద్దరినీ తీసుకున్నారు. ఒక జీతం, ఒక పని, పక్కపక్క కుర్చీలు.

అక్కడ మొదలైంది నా రోగం.

మా మేనేజరు శ్రీవత్స, నాకన్నా పదేళ్ళు చిన్నవాడు, ప్రతి శుక్రవారం తప్పుల పట్టిక గోడకి అంటించేవాడు. వెయ్యి పేజీలకి ఎవరెన్ని తప్పులు చేశారో పేర్లతో సహా. నాకు ఆరు, ఖదీజాకి రెండు. మరుసటి వారం నాకు ఐదు, ఆమెకి ఒకటి. నేను టిఫిన్ మానేసి, కళ్ళల్లో ఒత్తులు వేసుకుని చేస్తే నాలుగుకి దిగాను. ఆమె మధ్యలో చాయ్ తాగుతూ, పక్కవాళ్ళ సందేహాలు తీరుస్తూ, ఆ ఒకటి దగ్గరే ఉండేది. మా ఆయనతో చెబితే "నీ శిష్యురాలే కదా, గర్వపడు" అన్నారు. మగవాళ్ళకి ఏం తెలుసు.

2005లో అమెరికా లాయర్లు కబురు పెట్టారు. ఇకమీదట తమ కాగితాలు చూసే ప్రతి టీముకీ ఒక సర్టిఫైడ్ లీడ్ ఉండాలట. వాళ్ళు వాడే సాఫ్ట్‌వేర్ మీద ఒక పరీక్ష ఉంది. అది ప్యాసై సర్టిఫికెట్ తెచ్చుకున్నవాళ్ళే లీడ్. మా టీము నుంచి శ్రీవత్స ఇద్దరి పేర్లు పంపాడు.

"ఇద్దరూ ప్యాసైతే మార్కులు ఎక్కువొచ్చినవాళ్ళు లీడ్. అంతే మేడం, సింపుల్," అన్నాడు.

ఎవరికి ఎక్కువొస్తాయో నాకు ఆ క్షణమే తెలిసిపోయింది. అయినా ఆ లీడ్ కుర్చీ నాకు కావాలి. పద్దెనిమిదేళ్ళుగా ఇంకొకళ్ళ మాటలు టైపు కొట్టాను. ఒక్కసారి నా పేరు కింద ఒక హోదా చూసుకోవాలి. నాకు ముప్పై తొమ్మిది, ఖదీజాకి ఇరవై ఆరు. ఆమెకి ఇంకా ఎన్ని పరీక్షలు లేవు గనక.

దరఖాస్తులో ఇమెయిల్ అడిగితే ఖదీజా నాదే ఇచ్చింది, ఆమెకి లేదు. పరీక్షకి వారం ముందు మెయిల్ వచ్చింది. రెండు గుర్తింపు కార్డులు ఒరిజినల్స్ తేవాలి, ఒకదాని మీద ఫోటో, సంతకం రెండూ ఉండాలి, రెండోదాని మీద కనీసం సంతకం ఉండాలి. జిరాక్సులు ఎవరు అటెస్ట్ చేసినా చెల్లవు. అలాంటివి లేకపోతే మూడు రోజుల ముందు రాస్తే తేదీ మారుస్తామని కూడా ఉంది. ప్రింటు తీసి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నాను. ఖదీజాకి చెప్పాలనే పెట్టుకున్నాను, ఒట్టు.

ఆ శుక్రవారం పట్టికలో నాకు ఏడు. ఆమెకి సున్నా. శ్రీవత్స ఆ సున్నా చుట్టూ ఎర్ర స్కెచ్ పెన్నుతో గుండ్రంగా గీసి, అందరిచేతా చప్పట్లు కొట్టించాడు. నేనూ కొట్టాను. కాగితం బ్యాగులోనే ఉండిపోయింది.

పరీక్ష ముందురోజు లంచ్‌లో ఖదీజా ఒక ప్లాస్టిక్ కవరు తీసి చూపించింది. ఓటరు కార్డు, రేషన్ కార్డు, పదో తరగతి మెమో, అన్నింటికీ జిరాక్సులు. ప్రతిదాని మీదా ఆకుపచ్చ సిరా సంతకం, గుండ్రటి ముద్ర.

"దవాఖానల డాక్టర్ సాబ్‌తోని అటెస్ట్ చేయించుకొచ్చిన మేడం. గెజిటెడ్. రెండు గంటలు లైన్ల నిలబడ్డ. అన్నీ మూడు మూడు సెట్లు. ఇంకేమన్న కావాలెనా?"

మేమందరం అలాగే పెరిగాం. ఏ పరీక్షకైనా, ఏ ఉద్యోగానికైనా ఆ పచ్చ సంతకం ఉంటే అడ్డు లేదు. ఆ పిల్ల మాకు తెలిసిన పద్ధతిలో ఎంత జాగ్రత్తగా చెయ్యాలో అంతా చేసింది. నేను ఆ ముద్రల వంక చూసి, "సరిపోతాయిలే" అన్నాను. అప్పటికే తేదీ మార్చుకునే గడువు దాటిపోయింది, చెప్పినా లాభం లేదని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. సిగ్గులేని మనిషిని.

అబిడ్స్‌లో సెంటరు. కౌంటరు అమ్మాయి ఖదీజా కవరంతా తిరగేసి ఓటరు కార్డు పట్టుకుంది.

"దీనిమీద మీ సంతకం లేదండి. సంతకమున్న ఒరిజినల్ ఏదైనా ఉందా? లైసెన్సు, పాస్‌పోర్టు?"

"గివన్నిటి మీద డాక్టర్ సాబ్ దస్తఖత్ ఉన్నది కద?"

"కుదరదండి. మీకు మెయిల్ పంపాం కదా."

అప్పుడు నా వంతు. బ్యాగులోంచి నా కార్డులు తీశాను, స్కూటీ లైసెన్సు, పాన్ కార్డు. నా ఖర్మ, ఆ రెండిటినీ మడతపెట్టిన ఆ మెయిల్ ప్రింటులోనే దాచుకున్నాను. ఖదీజా కార్డులు చూసింది. కాగితం చూసింది. ఇంగ్లీషు పేజీలో ఎక్కడ ఏముందో ఒక్క చూపులో పట్టే కళ్ళు ఆమెవి. 

"లోపటికి పోండ్రి మేడం, టైమైతుంది," అంది.

ప్యాసయ్యాను. తెర మీద ఎనభై ఒకటి అని కనబడింది. కిందికి వస్తే మెట్ల మీద కూర్చుని ఉంది, వెళ్ళలేదు. "ఎంతొచ్చినయి?" అని అడిగింది. "ఎనభై ఒకటి" అన్నాను. ఆ స్థితిలో కూడా ఆ అంకె గొప్పగానే చెప్పాను.

సోమవారం శ్రీవత్స ఇద్దరినీ పిలిచాడు. "మెయిల్ మీకే వచ్చింది కదా మేడం, తనకి చెప్పలేదా?"

నేను నోరు తెరిచేలోపల ఖదీజా అందుకుంది.

"చెప్పిండ్రు సార్. నేనే మర్చిపోయిన. గల్తీ నాదే."

మా పనిలో మొదటి సూత్రం ఒకటుంది. పేజీలో ఏముంటే అదే ఎక్కించాలి, లేనిది ఒక్క అక్షరం రాయకూడదు. రెండేళ్ళలో దాన్ని ఒక్కసారి కూడా తప్పని మనిషి నాకోసం కళ్ళార్పకుండా అబద్ధం ఆడింది. నేను తెరిచిన నోరు మూసుకున్నాను.

నేను లీడ్ అయ్యాను. సర్టిఫికెట్ పోస్టులో వచ్చింది. నాలుగో ఫ్రేము కట్టించాను. నాకు విడిగా అద్దాల గది ఇచ్చారు. అందులోంచి చూస్తే ఏం కనబడేదో తెలుసా? కొత్తగా చేరినవాళ్ళు సందేహం వస్తే నా గది దాటుకుని ఖదీజా కుర్చీ దగ్గరికి వెళ్ళడం. "ఖదీజా ఆపాని అడుగుదాం" అనడం. ఆమెకి నామీద కోపం ఉంటే ఎంత బాగుండేది. రోజూ పొద్దున్నే "సలాం మేడం" అని నవ్వేది. ఆ నవ్వు చూస్తే ఒళ్ళు మండేది.

మార్చిలో ఏడాది రిపోర్టులు వచ్చాయి. ఖదీజా ఫారంలో ఆఫీసువాళ్ళు ముందే టైపు కొట్టి పంపిన ఒక వాక్యం ఉంది. స్వంత నిర్లక్ష్యం వల్ల పరీక్షకు హాజరు కాలేదు, ఇకపై ఏ సర్టిఫికెట్‌కూ పేరు సిఫారసు చేయరాదు. కింద ఆమె సంతకం అప్పటికే ఉంది. లీడ్‌గా నేను సంతకం పెడితే చాలు, ఆమె ఎప్పటికీ ఆ పక్క కుర్చీలోనే. నాకు పోటీ అనేది ఇక ఉండదు.

పెన్ను తీశాను. ఆ సంతకం చూశాను. పూర్తి పేరు, ఇంగ్లీషులో, ఒక్క అక్షరం వంకర లేకుండా. ఫారాల మీద అలా పెట్టాలని టైపు ఇన్‌స్టిట్యూట్‌లో నేనే నేర్పాను. ఆ అబద్ధం కింద ఇంత నిబ్బరంగా ఎలా పెట్టింది?

మీరు నా మనసు కరిగిందనుకుంటారేమో. లేదు. నాకు వచ్చింది కోపం. వేగంలో నన్ను దాటింది, తప్పుల్లో దాటింది, ఆఖరికి మంచితనంలో కూడా నన్ను తొక్కుకుంటూ ముందుకు పోతుందా? బతికినంతకాలం ఈ గదిలో కూర్చుని ఆమె దయతో లీడ్‌నని తలుచుకోవాలా? నావల్ల కాదు. ఆ వాక్యం అడ్డంగా కొట్టేశాను. పక్కన రాశాను: గుర్తింపు కార్డుల నిబంధన నాకు తెలుసు. కావాలనే ఈమెకు చెప్పలేదు. తప్పు నాది. కింద పూర్తి పేరు పెట్టాను, బాలత్రిపురసుందరి.

శ్రీవత్స ఆ కాగితం రెండుసార్లు చదివాడు. "ఇది రికార్డులో ఉంటుంది మేడం. ఈసారి తను ప్యాసైతే తనే లీడ్. మీరు మళ్ళీ బయటి సీటుకి రావాలి. ఓకేనా?"

"ఓకేనే," అన్నాను.

సాయంత్రం మెట్ల దగ్గర ఖదీజా ఎదురైంది. విషయం తెలిసినట్టుంది.

"ఏంది మేడం, గిప్పుడు రాసిండ్రా? ఎనిమిది నెలలు పట్టిందా?"

"నువ్వెందుకు అబద్ధం చెప్పావసలు?"

"గప్పుడు మిషన్ పట్టీ తెగితే మీ మిషన్ తెచ్చిచ్చిండ్రు కద. గందుకే. ఇగ బరాబర్." రెండు మెట్లు దిగి వెనక్కి తిరిగింది. "మల్ల గిట్ల చేస్తే మాత్రం చెప్త. మంచిగ యాదివెట్టుకోండ్రి."

ఆ వేసవంతా ఖదీజా స్కూటీ నేర్చుకుంది. నేను పదిహేను రోజులు కిందామీదా పడి నేర్చుకున్నది ఆమెకి మూడు రోజుల్లో వచ్చేసింది. లైసెన్సు వచ్చింది, పాన్ కార్డు వచ్చింది. అక్టోబరులో పరీక్షకి నన్ను వెనక ఎక్కించుకుని అబిడ్స్ తీసుకెళ్ళింది. నేను అదే మెట్ల మీద కూర్చున్నాను. ఆమె ప్యాసవ్వాలనే కోరుకున్నాను, దేవుడికి దణ్ణం కూడా పెట్టుకున్నాను. అయితే ఎనభై దగ్గర ఆగాలని పెట్టుకున్నాను.

గంటంపావుకే దిగివచ్చింది. నాకు రెండు గంటలు పట్టింది. చేతిలో మార్కుల కాగితం ఉంది. లేచి నిలబడ్డాను.

"ఎంత?"

ఖదీజా నా మొహంలోకి చూసింది. ఆ కాగితాన్ని నెమ్మదిగా నాలుగు మడతలు పెట్టి బ్యాగులో వేసి జిప్పు లాగింది.

"ప్యాస్," అంది. "చలో మేడం, పోదాం."

నెల తిరక్కుండా అద్దాల గది ఆమెదైంది. నేను మళ్ళీ బయటి కుర్చీకి వచ్చాను. పని బాగానే చేస్తున్నాను, తప్పులు మూడుకి దిగాయి. ఖదీజాకి ఎన్ని మార్కులొచ్చాయని శ్రీవత్సని అడిగాను, "వాళ్ళిష్టం లేకుండా చెప్పకూడదు మేడం" అన్నాడు. ఆమె గదిలో సర్టిఫికెట్ తగిలించింది. ఎవరూ లేనప్పుడు వెళ్ళి దగ్గరగా చూశాను. పేరు ఉంది, తేదీ ఉంది, ఉత్తీర్ణులైనారని ఉంది. అందులో మార్కులు వెయ్యరు. నాదాంట్లోనూ లేవు. నా ఎనభై ఒకటి నేను చెప్పినందుకే ఊరందరికీ తెలుసు. ఆమెది మాత్రం, ఇప్పటికి మూడేళ్ళయినా, నాకు తెలియదు.