దొంగ గొంతు

బీన్సుకి ఈనెలు తీస్తున్నంతసేపూ నేను మాట్లాడుతూనే ఉంటాను. ఎదురుగా మనిషే ఉండాలన్న నియమం లేదు, గిన్నె ఉన్నా చాలు. ఆ నోటికో ఉపయోగం ఉంటుందని మా మనవరాలు తప్ప ఇంట్లో ఎవరూ అనుకోలేదు. అది తన ఫోను తెచ్చి కూరగాయల పళ్ళెం పక్కన పెట్టింది.

"నానమ్మా, నీ ఇష్టమొచ్చినట్టు వాగు. నాకు నీ గొంతు కావాలి."

"గొంతు నీకిచ్చేసి నేనేం పెట్టుకుని మాట్లాడనే?"

కాలేజీలో పోటీ అట. హ్యాకథాన్ అంటారు. ఆ మాట పలకడానికి నా పళ్ళసెట్టు రెండుసార్లు జారింది. ఈ రోజుల్లో దొంగలు ఏఐ అనే దాంతో మన గొంతునే అచ్చు దింపేస్తున్నారట. ఆ గొంతుతో మనవాళ్ళకే ఫోను చేసి బ్యాంకు నంబర్లు లాగుతారట. పోటీలో ఒక జట్టు దొంగ గొంతు తయారుచేస్తే, ఇంకో జట్టు దాన్ని పట్టే యంత్రం చెయ్యాలి. మా పిల్లది పట్టే జట్టు. అందుకని నా కబుర్లూ, కోడలితో ఫోనులో నేను మాట్లాడే మాటలూ అన్నీ రెండు జట్లకీ పంచడానికి పోగేసుకుని పోయింది.

ఆఖరి రోజు మధ్యాహ్నం ఇంట్లోవాళ్ళని రమ్మన్నారు. మా వాడికి కుదరలేదు. వాడికి ఇంటి విషయాలేవీ కుదరవు. కోడలు ఆస్పత్రిలో పొద్దున్నించీ నిలబడి అందరి రక్తాలూ తీసి, సగం రోజు సెలవు పెట్టుకుని వచ్చింది. రాత్రికి వంట తెల్లారకుండానే చేసి పెట్టే బయల్దేరింది.

హాలునిండా వైర్లు, ఖాళీ కాఫీ కప్పులు, నిద్రలేని పిల్లల మొహాలు. కోడల్ని వేదిక మీదకి పిలిచి చేతికి ఫోనిచ్చారు. వినిపించే రెంటిలో ఏది దొంగదో చెప్పాలట. అందరికీ వినబడేలా నా గొంతు మోగింది.

"అమ్మాయ్, ఎక్కడిదాకా వచ్చావు? వాడు వచ్చేశాడు, కాఫీ అంటున్నాడు. వచ్చేటప్పుడు ఉప్పు తెచ్చేయ్."

తరవాత మళ్ళీ నా గొంతే. అదే బొంగురు, అదే సాగదీత.

"అమ్మాయ్, తిన్నావా? అలిసిపోయి ఉంటావు, కాసేపు కూర్చో. అన్నట్టు, నీ ఫోనుకి ఇప్పుడో నంబరొస్తుంది, అది కాస్త చెప్పు."

మనవరాలి యంత్రం రెండింటికీ పచ్చరంగు చూపించింది. అంటే రెండూ అసలువేనని. పిల్లదాని మొహంలో నెత్తురు చుక్క లేదు.

"రెండోది దొంగదండీ," అంది కోడలు.

"నంబరు అడిగిందని పట్టేశారా అమ్మా?" అన్నాడు పోటీ పెద్ద.

"అంతదాకా అక్కర్లేకపోయిందండీ. మా అత్తయ్య నన్నెప్పుడూ తిన్నావా అని అడగలేదు."

అందులో ఫిర్యాదేమీ లేదు. ఎవరి రక్తంలోనో చక్కెర ఎంతుందో చెప్పినట్టు చెప్పింది. హాలంతా గొల్లుమంది. సిగ్గులేకుండా నేనూ నవ్వేశాను. సగం నవ్వాక తెలిసింది, ఆ అత్తయ్యని నేనేనని.

కోడలు కిందకి దిగొచ్చి, "తప్పుగా అనుకోకండి అత్తయ్యా, పోటీ కదా," అంది.

దానికి ఎన్ని మాటలైనా చెప్పచ్చు. వాగుడుకాయనే కదా. నా నోట్లోంచి వచ్చింది మాత్రం, "బస్సుకి టైమవుతోంది," అని.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని వెతుక్కున్నాను. నాది ఏనుగు జ్ఞాపకమని అందరూ అంటారు. మా అత్తగారు "వండేదానికి ఆకలేమిటే, వాసనకే నిండిపోతుంది," అన్న రోజు ఆవిడ ఏ చీర కట్టుకుందో చెప్పగలను. "వంటింట్లోనే ఉన్నావుగా, తిన్నావా అని వేరే అడగాలా?" అన్నప్పుడు మా ఆయన ఏ చేత్తో పేపరు తిరగేశాడో చెప్పగలను. నన్నన్న మాటలన్నీ డబ్బాల్లో పప్పుల్లా మూతలు పెట్టి దాచుకున్నాను. మరి నేనన్నవి? కోడలికి ఏ పొద్దైనా "తిన్నావా" అన్నానేమోనని బస్సు దిగేదాకా తవ్వాను. ఉప్పు, కాఫీ, ఇస్త్రీ, గ్యాసు, ఇంకా రాలేదేం. ఇవే దొరికాయి. గొంతు అచ్చు దింపడానికి ఏఐ ఎందుకు, మా అత్తగారి గొంతు నేను ఎప్పుడో దింపేశాను. ఆ దొంగ మాటలు రాసిన పిల్ల ఎవరోగాని, అత్తగారంటే ఇలా మాట్లాడుతుందని అనుకుని రాసింది పాపం.

కోడలు పక్క సీట్లో కూర్చునే నిద్రపోయింది. తల నా భుజం మీదకి వాలబోయి, నిద్రలోనే సర్దుకుని అటు తిరిగింది.

కోడలి మాట పట్టుకుని మనవరాలు సాయంత్రంలోపు యంత్రాన్ని మార్చేసింది. గొంతు ఒక్కటే కాదు, మనిషి రోజూ ఏం మాట్లాడుతుందో కూడా చూడాలట. రెండో బహుమతి కొట్టుకొచ్చి, దాన్ని వాళ్ళమ్మ ఫోనులో పెట్టింది. "చూశావా, నీవల్లే గెలిచాం నానమ్మా!" అని నన్ను కావిలించుకుంది. నేను బీన్సు పళ్ళెం దగ్గరికి లాక్కున్నాను.

మర్నాడు మధ్యాహ్నం కోడలికి ఫోను చేశాను.

"అమ్మాయ్, తిన్నావా?"

అవతల ఆస్పత్రి చప్పుళ్ళు. "ఎవరు మాట్లాడేది?" అంది కోడలు.

"నేనేనే, అత్తయ్యని."

"ఫోను ఎర్రగా చూపిస్తోంది. మా ఇంట్లో ఉప్పుడబ్బా మూత ఏ రంగు?"

"మూతెక్కడిదే? నువ్వు పగలగొట్టేశావుగా."

"పగలగొట్టింది మీ అబ్బాయి, అత్తయ్యా," అని నిట్టూర్చింది. "సరే, మీరే. చెప్పండి, ఏం తేవాలి?"

నన్ను దేన్నిబట్టి గుర్తుపట్టిందో చూడండి.

"ఏమీ వద్దు. మూత మాట తప్పే. తిన్నావా అని అడుగుతున్నాను."

"లేదు. ఇక్కడ కుదరదు."

సాయంత్రం కోడలు వచ్చేసరికి కాఫీ మా వాడు పెడుతున్నాడు. పాలు పొంగబెట్టాడు, పొయ్యి తుడవమని గుడ్డ కూడా వాడికే ఇచ్చాను. గొణిగాడు. గొణగనీ. మనవరాల్ని పక్కకి పిలిచి, ఆ ఎర్రరంగు పోయే దారేమిటే అని అడిగాను.

"ఆఫ్ చేసేస్తే పోతుంది నానమ్మా."

"ఆఫ్ వద్దు."

"అయితే రోజూ అలాగే మాట్లాడు. అలవాటే అనిపిస్తే అదే నమ్ముతుంది."

మర్నాడు మళ్ళీ చేశాను. ఆ మర్నాడూ చేశాను.

"ఇంకా ఎర్రగానే ఉంది అత్తయ్యా," అంది కోడలు.

మాట కాస్త ముద్దగా వచ్చింది. నోట్లో ఏదో నములుతోంది.