గొంతు కోయని రేజర్

"గొంతు కోయడానికి పనికిరాని రేజర్ ఒకటుంటే ఇవ్వు, దోన్ నబోర్."

శనివారం పొద్దున్నే, అల్వరాదో రేవులో చేపల బజారు కిటకిటలాడుతున్న వేళ, కాసిల్డా ఆ మాట రేజర్లమ్మే ముసలాడితో గట్టిగానే అంది. చుట్టూ ఉన్న బల్లల మీద కత్తులు ఒక్క క్షణం ఆగాయి. తర్వాత అందరూ ఒకేసారి నవ్వారు. ఈ బజారు ఎవరి కష్టానికైనా ముందు నవ్వుతుంది, తర్వాతే ఏమైందని అడుగుతుంది.

పక్క బల్ల మీద పీతలమ్మే తొమాసా అందరికంటే గట్టిగా నవ్వింది. "రేజర్ దేనికే ముండా? ముప్పయ్యేళ్లుగా చేపలు కోస్తున్నావు. ఆ మొగుణ్ణీ గొంతు దగ్గర మొదలెట్టి బొడ్డు దాకా చీరెయ్. పేగులు గూడకొంగలకి వేద్దాం. నీ వేలు తిన్న కొంగలేగా, రుచి గుర్తుండే ఉంటుంది!"

కాసిల్డా తన చేతిలో ఉన్న కత్తిని తొమాసా బల్ల మీద దించింది. అది తొమాసా చూపుడు వేలికీ నడిమి వేలికీ మధ్య చెక్కలో దిగబడి ఊగుతూ నిలబడింది. నవ్వులు ఆగిపోయాయి. తొమాసా తన వేళ్లను ఒక్కొక్కటిగా లెక్కపెట్టుకుంది.

"పిచ్చిముండా," అంది చివరికి, చాలా మెల్లగా, ప్రేమగా. "ఇలా అయిపోయావేంటే?"

ఈ రేవులో బూతు లేకుండా మాట్లాడేవాళ్లు ఇద్దరే, చర్చిలో ఫాదరీ, పెట్టెలో శవం. అందులోనూ ఫాదరీ మీద కొంచెం అనుమానం ఉంది. కూతుర్ని అన్నానికి పిలిచే తల్లి ముండా అంటుంది, తాగి తగువుకొచ్చినవాడు ముండా అంటాడు, నాట్యానికి రమ్మని చెయ్యి చాచే కుర్రాడూ అదే మాట అంటాడు. మాట ఒకటే, రాగం వేరు. రాగం పట్టుకోలేనివాళ్లు ఈ ఊళ్లో బతకలేరు. కాసిల్డాకి మాత్రం ఎనిమిది నెలలుగా ఒక రాగం అంతుపట్టలేదు.

ఆమె మొగుడు ఎవోడియో రొయ్యల పడవ సరంగు. దున్నపోతు బలం, దానికి తగ్గ బుద్ధి. తొమ్మిదేళ్ల కిందట ఐసు అమ్మేవాడు ఏదో జోకు వేస్తే కాసిల్డా నవ్వింది. ఎవోడియో అందరి ముందూ ఆమె ఎడమ చెయ్యి ఆమె బల్ల మీదే అదిమిపెట్టి, ఆమె కత్తితోనే, ఉంగరం వేలు మొదలంటా నరికాడు. ఉంగరం ఊడదీసి జేబులో వేసుకున్నాడు, వేలు గూడకొంగలకి విసిరాడు. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికొకతె. ఆ రోజు ఎవరూ నవ్వలేదు, ఎవరూ అడ్డమూ రాలేదు. ఆ అడ్డం రాకపోవడాన్నే కాసిల్డా క్షమించలేదు.

ఎనిమిది నెలల కిందట పక్షవాతం అతని కుడి పక్క అంతా తీసుకుపోయింది. మాటలన్నీ పోయి ఒక్కటే మిగిలింది. నీళ్లు కావాలన్నా ముండా, కాళ్లు లాగుతున్నా ముండా. పొద్దున్న లేవగానే ఆమె నడుము వైపు, కత్తి ఒర వేలాడే చోటు వైపు, కళ్లార్పకుండా చూస్తూ ముండా. ఎడమ చెయ్యి మాత్రం వెనకటిలాగే ఉంది. అన్నం పెట్టే చేతిని ఆ చేత్తోనే రెండుసార్లు మెలిపెట్టాడు.

అతనికి పక్షవాతం వచ్చిన మొదటి వారమే కాసిల్డా ఇంట్లోని కొడవలిని తీసుకెళ్లి ఊరి పక్క ఉప్పునీటి కయ్యలో పారేసింది. కత్తులన్నీ బజారులోనే పెట్టి తాళం వేస్తుంది. ఉల్లిపాయలూ టమాటాలూ ఇక్కడే తరిగి గిన్నెలో పెట్టుకుని వెళ్తుంది. ఆమె భయం ఎవోడియో అంటే కాదు, తన చెయ్యంటేనే. ఆ పశువు కోసం జైల్లో ముసలిదైపోవడం ఆమెకి ఇష్టం లేదు. ఊరంతా ఎదురుచూస్తున్న పని చేసి, ఊరు కోరుకున్న హంతకురాలైపోవడం అంతకన్నా ఇష్టం లేదు.

కానీ ఇప్పుడు గడ్డం కింద పుళ్లు లేచాయి. గడ్డం తీసేసి మందు రాయకపోతే చీము నెత్తురులోకి దిగుతుందని నర్సు చెప్పింది. ఊళ్లో ఉన్న ఒక్క మంగలికి ఒకప్పుడు ఎవోడియో దవడ జార్చాడు. అతను రానన్నాడు. ఇంకెవరున్నారు?

ఇదంతా నబోర్‌కి తెలుసు. వెనకటికి ఓడల్లో మంగలి పని చేసిన ముసలాడు, ఒక కంట్లో పువ్వు వేసింది. చూపు తగ్గాక గీయడం మానేసి ఇప్పుడు దువ్వెనలూ అద్దాలూ రేజర్లూ అమ్ముకుంటున్నాడు. చెక్కలో ఊగుతున్న కత్తిని చూశాడు. జోకులు మానేసి పనిలోకి దిగాడు.

"మంగలి కత్తి చూపించను, నువ్వూ అడక్కు. ఇదిగో, అందరూ కొనేది ఇది." అద్దంలా మెరుస్తున్న రేజర్ తీశాడు. "అరవై పెసోలు. చూడ్డానికి పెళ్లికొడుకే." పిడి పట్టుకుని గట్టిగా మెలిపెట్టాడు. మెడ టక్కున విరిగింది. లోపల లోహం బూడిద రంగులో, పొడిపొడిగా ఉంది. "పైన పటారం, లోన లొటారం. మొహం మీద ఉండగా విరిగిందనుకో, బ్లేడు ఎటు పోతుందో దేవుడికే తెలియాలి."

"మెడ విరిగే సరుకేగా దానికి కావాల్సింది, ఇచ్చెయ్," అంది తొమాసా. ఆమె నోరు ఎక్కువసేపు మూతపడి ఉండలేదు.

నబోర్ ఇంకొకటి తీశాడు. దాని అంచుకి దువ్వెనలా పళ్లున్నాయి. "నెలల గడ్డానికి ఇది బాగా లాగుతుంది. కానీ దీనికి ఆకలెక్కువ. చెయ్యి బరువైందైతే తోలు కూడా తింటుంది."

"నా చెయ్యి బరువే."

"తెలుసు." ముసలాడు అడుగు సొరుగులోంచి పాత పేపరు పొట్లం తీశాడు. అందులోని రేజర్ పొట్టిగా, బరువుగా ఉంది. పై మెరుగు అరిగిపోయి పసుపు రంగు కనిపిస్తోంది. "ఇత్తడి. ఎవరో టీచరుది, పోయాక కూతురు అమ్మింది. నూటెనభై. ఇంతకు మించిన సరుకు ఇంత తక్కువకి దొరకదు." బ్లేడు వేసి బిగించి ఆమె కళ్లకెదురుగా పట్టాడు. "ఈ అంచు చూడు, ఆ అంచు చూడు. రెండు పక్కలా బ్లేడు ఒక్క మేరే బయటికి రావాలి. ఒక పక్క ఎక్కువొస్తే అది వంకర సరుకు, ఊరికే ఇచ్చినా వద్దు. వేలితో తట్టు. కదిలిందా? కదలకూడదు. అంచు వెంట్రుకంతే బయటికొచ్చింది. గీసేది దాని బరువే, నువ్వు నొక్కక్కర్లేదు."

కాసిల్డా తన బల్ల మీది పండుగప్ప చేపను వెల్లకిలా తిప్పింది. తెల్లటి మెత్తని పొట్ట మీద రేజర్ పెట్టి, భుజం బలమంతా వేసి నొక్కి లాగింది. పొలుసులు లేచాయి, ఎర్రటి గీత పడింది. పేగు బయటికి రాలేదు. ఈసారి పళ్లు బిగించి అడ్డంగా లాగింది. తోలు చిట్లింది అంతే.

"దాన్ని చంపాలంటే నీకు వారం పడుతుంది," అన్నాడు నబోర్. తర్వాత గొంతు తగ్గించాడు. "లోతుగా దిగాలంటే బ్లేడు బయటికి తీయాలి, కాసిల్డా. తీయాలంటే ఈ పిడి ఆరు చుట్లు తిప్పాలి. ఆరు చుట్లు తిప్పేలోపు మనిషికి బుద్ధొస్తుంది."

ఆమె డబ్బిచ్చేసింది. తొమాసా బల్లలోంచి తన కత్తి పీకి, మిగతావాటితో పాటు పెట్టెలో పెట్టి తాళం వేసింది. ఎనిమిది నెలల్లో మొదటిసారి కొంచెం తేలిగ్గా ఊపిరి పీల్చుకుంటూ ఇంటికి నడిచింది.

మధ్యాహ్నం పెరట్లో, బట్టలుతికే రాతి పక్కన, ఎవోడియోని అతని పడవ కుర్చీలో కూర్చోబెట్టింది. వేడినీళ్ల గుడ్డ మొహానికి చుట్టి, సబ్బు నురగ పట్టించింది. కుడి చెంప అయింది. రేజర్ మంచిదే, నబోర్ అబద్ధమాడలేదు. నురగ కింద నుంచి పుళ్లు బయటపడుతున్నాయి, చీము వాసన కొడుతోంది. ఆమె వాటి చుట్టూ నెమ్మదిగా తిప్పుకుంటూ వచ్చింది.

"ముండా," అన్నాడు ఎవోడియో.

"నోరు కదపకు, తెగుతుంది."

"ముండా!"

గడ్డం కింద గీయడానికి వంగిన క్షణంలో ఎడమ చెయ్యి లేచింది. ఆమె జుట్టు పిడికిట్లో మెలేసి, కుర్చీ చేతికర్రకేసి తలను కొట్టాడు. ఒకసారి. రెండోసారి కనుబొమ మీద చర్మం పగిలింది. మూడోసారి కళ్లు బైర్లు కమ్మాయి. నోట్లోకి ఉప్పగా నెత్తురు దిగింది. తెగిన వేలు గుర్తొచ్చింది, కొంగ ముక్కు గుర్తొచ్చింది, చేతులు కట్టుకుని నిలబడ్డ బజారు గుర్తొచ్చింది. కాసిల్డా రేజర్‌ని అతని గొంతు మీద అడ్డంగా పెట్టి, చేపలు కోసే చేతిలో ఉన్న బలమంతా పెట్టి లాగింది. చంపాలనే లాగింది. ఇందులో దాపరికం ఏమీ లేదు.

ఎర్రటి గీత పడింది. మళ్లీ లాగింది, ఇంకో గీత. నురగ గులాబీ రంగుకి తిరిగింది. అంతకంటే ఏమీ కాలేదు. మెడ మెడలాగే ఉంది. ఇత్తడి తన పని తాను చేసింది.

ఆమె జంతువులా అరిచింది. రేజర్ తలను ఒక చేత్తో, పిడిని ఇంకో చేత్తో పట్టుకుని తిప్పసాగింది. ఒకటి. రెండు. కనుబొమ నెత్తురు కంట్లో పడుతోంది. మూడు. నాలుగు. బుద్ధి రాలేదు. ఐదు. ఆరు. తల ఊడి రాతి మీద పడి గింగిరాలు తిరిగింది. పల్చటి బ్లేడు ఆమె వేళ్ల మధ్య మిగిలింది.

దాన్ని గొంతుకి ఆనించి నొక్కింది. నొక్కీ నొక్కగానే బ్లేడు వంగి, రెండో అంచు ఆమె వేళ్లలోనే దిగింది. ఎముక దాకా దిగినట్టు జివ్వుమంది. రెండు పక్కలా పదునున్నదానికి నీవాళ్లు పైవాళ్లు అని ఉండదు. ఆమె నెత్తురు అతని మెడ మీద ధార కట్టింది. నొప్పికి ఒక్క క్షణం ఆగింది. ఆ ఆగిన క్షణంలో చూసింది.

అతని ఎడమ చెయ్యి ఆమె జుట్టులో లేదు. అడ్డమూ రాలేదు. కుర్చీ చేతికర్ర మీద ఊరికే పడి ఉంది. గడ్డం పైకెత్తి, గొంతు పూర్తిగా చాపి పెట్టాడు. కళ్లలోంచి నీళ్లు చెవుల్లోకి కారుతున్నాయి.

"ముండా..." అన్నాడు.

ఆ రాగం ఆమెకి తెలుసు. ముప్పయ్యేళ్ల కిందట, మే నెల జాతరలో, నాతో ఒక్కసారి ఆడవా అని బతిమాలినప్పటి రాగం. ఆ తర్వాత మళ్లీ ఎప్పుడూ వినలేదు కనుకే ఎనిమిది నెలలుగా గుర్తుపట్టలేకపోయింది. రోజూ తెల్లారి లేచి అతను ఆమె నడుము కేసి చూసింది తిట్టడానికి కాదు. ఒరలో కత్తి ఉందా లేదా అని.

"ఏం అడుగుతున్నావు నువ్వు?" కాసిల్డా గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "ఇన్ని నెలలుగా నన్ను నిజంగానే ముండని చెయ్యమని అడుగుతున్నావా?"

ఎవోడియో కళ్లు మూసి తెరిచాడు. అవునని.

ఆమెకి జాలి వేసింది, ఒక్క గుక్కంత. ఆ వెంటనే కోపం తన్నుకొచ్చింది. అడగడం ఈ మనిషికి చేతకాదు. అన్నం కావాలంటే కొట్టాడు, పక్క కావాలంటే కొట్టాడు, నవ్వొద్దని వేలు నరికాడు. చివరికి గొంతు కోయమని కూడా కొట్టే చెప్పాడు. తనేమో ఎప్పటిలాగే చెప్పినట్టు చేయడానికి బ్లేడు చేత పట్టుకుని నిలబడింది.

కాసిల్డా నవ్వింది. తొమ్మిదేళ్ల తర్వాత, అతని మొహంలోకి చూస్తూ, నోరారా నవ్వింది.

"కాను, ఎవోడియో," అంది. "నేను ముండని కాను. ఈ ఒక్క పనీ నీ మాట ప్రకారం జరగదు."

రాతి మీద పడ్డ రేజర్ తలను ఏరి, కడిగి, బ్లేడు వేసింది. గౌను అంచు చింపి వేళ్లకి చుట్టుకుంది. అంచులు రెండు పక్కలా సమానంగా ఉన్నాయా అని కళ్లకెదురుగా పట్టి చూసింది. ఆరు చుట్లూ బిగించింది. అతని ఎడమ చేతిని పడవ తాడుతో కుర్చీకి కట్టేసి, మళ్లీ నురగ పట్టించి, మిగిలిన చెంప గీసింది. గొంతు మీది గీతలకీ పుళ్లకీ మందు రాసింది. అతను ఆ మాటనే అన్ని రాగాల్లోనూ అరిచాడు. వీధి చివర దాకా వినిపించింది. ఎవోడియో పెళ్లాన్ని తిడుతున్నాడులే అనుకుని ఎవరూ బయటికి రాలేదు.

సోమవారం బజారులో తొమాసా ఆమె కనుబొమ మీద కుట్లు చూసి పీతల బుట్ట కింద పడేసింది. "మళ్లీ కొట్టాడా? చచ్చినవాడు, వాడి చెయ్యి విరగ! నువ్వింకా ఎందుకు ఊరుకున్నావే?"

కాసిల్డా నేరుగా నబోర్ దగ్గరికి వెళ్లింది.

"ఎలా ఉంది సరుకు?" అన్నాడు ముసలాడు, కట్టు కట్టిన ఆమె వేళ్ల వైపు చూస్తూ.

"బంగారం. బ్లేడ్లు కావాలి."

"ఒక పొట్లం చాలుగా. ఐదుంటాయి."

"ఇరవై పొట్లాలివ్వు."

నబోర్ మంచి కన్ను పెద్దది చేశాడు. "వారానికొకటి వేసుకున్నా రెండేళ్లొస్తాయే! ఆ స్థితిలో ఉన్నవాడు అంతకాలం ఉంటాడా?"

"ఉంటాడు," అంది కాసిల్డా, పొట్లాలు ఒడిలో పోసుకుంటూ. "పుండు పడనివ్వను, జ్వరం రానివ్వను. ఇవి అయిపోయాక మళ్లీ వస్తాను."