రెండూ ఆడే మిషను

సామేలు ఎనిమిదింటి నుంచి రామస్వామి పటేలు వాకిట్లో నిలబడి ఉన్నాడు. ఇప్పుడు పదకొండున్నర. పక్కన భార్య కనకవ్వ, కూతురు దీవెన. అరుగు మీద కుర్చీల్లో రామస్వామి, పెద్దమనుషులు ఐదుగురు. వాళ్లకు రెండుసార్లు చాయ్ వచ్చింది.

మూడు రోజుల కింద, తెలంగాణ కోసం జరుగుతున్న సకల జనుల సమ్మెలో భాగంగా, ఊరివాళ్లు కోనరావుపేట రోడ్డు మీద వంటావార్పు చేశారు. ఇంటికి కిలో బియ్యం ఇచ్చారు. సామేలు ఇల్లూ ఇచ్చింది. ఎసరు పొంగుతుంటే కనకవ్వ గంటె తీసుకుని కలిపింది. ఆ తర్వాత అన్నం గుండిగ బోర్లాపడింది.

సామేలు తాగి తన్నాడని రామస్వామి అన్నాడు. శిక్ష కూడా ఆయనే చెప్పాడు. సామేలు అరుగు ముందు సాగిలపడి మొక్కాలి. మొక్కకపోతే దళితవాడ నుంచి ఒక్కరినీ వరికోతకు పిలవరు. కోతకు ఆడమనిషికి నూట ఇరవై, మగమనిషికి రెండు వందలు. వాడలో నలభై ఇళ్లు.

సామేలు చేతిలో సీడీ ఉంది. పెళ్లిళ్ల వీడియోలు తీసే కుమార్ ఆ రోజు వంటావార్పునూ తీశాడు. వాడ మొత్తం దాన్ని చూసింది. పెద్దమనుషులు వాడకు వచ్చి చూడరు.

"ఒక్కసారి ఎయ్యుండ్లి పటేలా. పన్నెండింటికి కరెంటు పోతది," అన్నాడు సామేలు.

సమ్మె వార్తల కోసం టీవీని అరుగు మీదికి తెచ్చి పెట్టారు. దాని కింద ప్లేయర్. రామస్వామి కొడుకు సురేందర్ పోయిన నెల దుబాయి నుంచి తెచ్చాడు. అతను సీడీ అందుకుని అటూ ఇటూ తిప్పాడు.

"గిది బ్లూరే మిషన్. గీ పాత సీడీలు దీంట్ల ఆడయి."

"ఆడుతదన్నా," అంది దీవెన.

"అన్న ఎవడే నీకు?"

"సరే, చిన్న పటేలా. ఆడుతది. కొత్తయి ఆడుతయి, పాతయి ఆడుతయి. గందుకే దానికి గంత ధర. ముంగట గుర్తులున్నయి సూడు."

"పదకొండు వేలు పెట్టి కొన్నోణ్ని నేను. నాకు నేర్పుతవా?"

"కొన్నవ్ గని, దాని మీదున్న కవరు గూడ తియ్యలేదు."

గోడ దగ్గర చేరిన జనంలో ఎవరో నవ్వారు. పెద్దమనుషుల్లో భూమయ్య కుర్చీలో కదిలాడు.

"సామేలూ, నీ బిడ్డకు నోరెక్కువైంది."

"నోరు గాదు పెద్దయ్యా, కొలువు. సిరిసిల్లల టీవీల దుకాన్ల గీ మాట చెప్పేతందుకే నాకు నెలకు రెండున్నర వేలిస్తుండ్రు." దీవెన మెట్టు మీద కాలు పెట్టింది. "జరుగు, నేను పెడత."

"మెట్టు దిగు!" అన్నాడు రామస్వామి.

దీవెన దిగింది.

"ఆడదంటుంటె ఇనదేంది గీ పోరి?" సురేందర్ బటన్ నొక్కాడు. ట్రే బయటికొచ్చింది. సీడీ పెట్టి లోపలికి తోశాడు. "సూడుండ్లి అందరు. ఆడదు."

ఆడింది.

రోడ్డు. మూడు రాళ్లు, గుండిగ. కనకవ్వ చేతిలో గంటె. మైకులో ఎవరో మనమంతా ఒక్కటే అంటున్నారు. ఎడమవైపు నుంచి రామస్వామి వచ్చాడు. కనకవ్వను ఏదో అన్నాడు. గుండిగను కాలితో తన్నాడు. సామేలు అప్పుడు దూరంగా, కట్టెలమోపు దింపుతున్నాడు.

సురేందర్ తల్లి మొగిలవ్వ మూడోసారి చాయ్ తెచ్చి గడప దగ్గరే ఆగిపోయింది.

"బంద్ చెయ్‌రా," అన్నాడు రామస్వామి.

బొమ్మ ఆగింది. రామస్వామి సామేలు వైపు తిరిగాడు.

"అవు, నేనే తన్నిన. అంటు గలిసిన కూడు ఊరికి పెట్టుమంటరా? తాగినవా లేదా అన్న ముచ్చట ఇడిశిపెడుతున్న. నీ పెండ్లాం గంటె వట్టుకున్నదా లేదా? మొక్కు."

భూమయ్య అన్నాడు: "మొక్కుర. ఒక్కసారి వంగితె పనైపోతది. నలభై ఇండ్ల బువ్వ."

కనకవ్వ భర్త మోచెయ్యి పట్టుకుంది. పట్టుకున్నది వంగమనో, వంగొద్దనో ఆమె చెప్పలేదు.

సామేలు మోకాళ్లు వంచాడు. భూమయ్య కుర్చీ పక్కకు జరుపుకున్నాడు. రామస్వామి పాదాలు ముందుకు పెట్టాడు.

సామేలు నేల మీద బాసిపట్లు వేసుకుని, టీవీ వైపు తిరిగి కూర్చున్నాడు.

"చిన్న పటేలా, మొదటికెళ్లి మళ్ల ఎయ్యి," అన్నాడు. "నిలవడి సూస్తె సరిగ్గ కానరాలే."

కనకవ్వ కూడా కూర్చుంది. కరెంటు పోవడానికి ఇంకా పావుగంట ఉంది.