కంపెనీ వక్కాకు

"మెల్లగా పెట్టు మే! చర్మం ఊడి చేతికొస్తాది," అన్నాడు జగిలి అరుగు మీద కాలు చాచుకున్న ఆంజనేయప్ప.

యశోదమ్మ ఉప్పుమూటను పెనం మీద నుంచి తీసి తెచ్చి తన ముంజేతికి ఆనించి చూసుకుంది. మళ్ళీ అతని కుడి మోకాలి మీద పెట్టింది. మోకాలు ఒక పక్కకు ఉబ్బి, మెరుస్తూ, ఆ మనిషిది కానట్టుగా ఉంది. ఆమె పొద్దున్నే పోయి మధ్యాహ్నం దాకా ఎవరిదో వేరుశనగ చేలో కలుపు తీసి వచ్చింది. అన్నం తిని మళ్ళీ పోవాలి. పోకపోతే ముప్పావలా కూలిలో సగం పోతుంది. లోపల పొయ్యి మీద ఎసరు తెర్లుతోంది. రాగిపిండి ఇంకా పోయలేదు.

"నీ కాలు చల్లారేదాకా ముద్ద ఉడకదు, ముద్ద ఉడికేదాకా నీ కాలు ఆగదు. నేనేం చేసేది?" అందామె.

"నువ్వూ హాఫ్ బ్యాకే గదా. చూసుకో," అని నవ్వాడతను. ఆరు నెలల తర్వాత ఆ ఇంట్లో వినిపించిన నవ్వు అది.

పెళ్ళైన కొత్తలో ఆమె అడిగింది, ఫుట్‌బాలు ఆటలో నువ్వు చేసే పని ఏందని. వెనకాల వాళ్ళ దగ్గర చెండు తీసుకుని ముందరి వాళ్ళకు అందించేది అన్నాడు. గోలు కొట్టేది ముందరివాడు, కాపాడేది వెనకవాడు, మధ్యలో ఊపిరాడకుండా తిరిగేది తను. "అంటే పొయ్యికాడి నుంచి పంక్తి దాకా నేను తిరిగినట్టా? అట్లయితే నేనూ హాఫ్ బ్యాకే," అంది. ఆ మాట వాళ్ళిద్దరి మధ్య ఉండిపోయింది. అతని ఊరు కెంచార్లహళ్ళిలో మాత్రం ఆ పేరు వేరే విధంగా నలిగింది. మామ గంగాధరప్ప బతికున్నప్పుడు, "సగమేందప్పా, మావోన్ని పూర్తిగా ఆడించుకోకూడదా?" అని కంపెనీవాళ్ళనే అడిగాడట.

కంపెనీ అంటే బెంగళూరులోని ఒక బట్టల మిల్లు. పదేళ్ళ కిందట చింతామణి సంతబయలు మైదానంలో ఉత్త కాళ్ళతో ఆడుతున్న ఆంజనేయప్పను, మిల్లు టీము వ్యవహారాలు చూసే మునికృష్ణప్ప చూశాడు. వారం తిరగకుండా కొబ్బరికాయ, అరటిపండ్లు, కొత్త పంచె, వక్కాకు పెట్టిన పళ్ళెంతో ఇంటికొచ్చాడు. గంగాధరప్ప నలుగురిని పిలిచి, వాళ్ళ ముందర పళ్ళెం అందుకున్నాడు. ఆ ఇంట్లో పెళ్ళి సంబంధం ఖాయమైనా, ఎద్దుల బేరం తెగినా వక్కాకుతోనే. వక్కాకు పుచ్చుకున్నాక కాగితం అడగడమంటే ఎదుటి మనిషిని అబద్ధాలకోరు అనడమే. అందుకని ఎవరూ ఏ కాగితమూ అడగలేదు. "చిన్నోన్ని కంపెనీకి ఇచ్చేసినాం," అని చెప్పుకున్నాడు తండ్రి, ఆడపిల్లను అత్తారింటికి ఇచ్చినట్టు. పొలం పంచినప్పుడు బావి కింద మడి పెద్దకొడుకుకు పోయింది. కంపెనీ ఉన్నవాడికి మడి ఎందుకని, చిన్నోడి వంతుకు మెట్ట మిగిలింది.

మిల్లులో ఆంజనేయప్పను మగ్గం పనివాడుగా చేర్చుకున్నారు. మధ్యాహ్నం కాగానే ఆటకు వదిలేసేవాళ్ళు. మగ్గం పని అతనికి ఎవరూ నేర్పలేదు, అతనూ నేర్చుకోలేదు. ఊళ్ళు తిరిగి కప్పులు తెచ్చాడు. ఆపీసు గదిలో బీరువా నిండింది. పోయినేడు ఫైనల్లో మోకాలు తిరిగిపోతే, ఆట సగంలో కాంపౌండరు సూది వేసి మళ్ళీ లోపలికి పంపాడు. నొప్పి తెలియకుండా ఆడాడు. ఆట అయ్యాక బూటు విప్పితే కాలు కదల్లేదు. తర్వాత పూర్తి షిఫ్టు మగ్గం ముందు నిలబెట్టారు. నిలబడలేకపోయాడు. నువ్వు బదిలీవాడివి, ఖాయం కాదు, రేపటి నుంచి రావద్దన్నారు. తొమ్మిదేళ్ళూ తను ఎవరో రాని రోజు వాళ్ళ బదులు వచ్చే మనిషినని అతనికి ఆ రోజే తెలిసింది. మిల్లువాళ్ళిచ్చిన లైను ఇంటి తాళంచెవి సాయంత్రానికే తీసేసుకున్నారు. మొగుడూ పెళ్ళాం ఊరికొచ్చి పడ్డారు.

వీధిలో కారు ఆగింది. జగిలి అవతలి కొసన ఉలవలు చెరుగుతున్న అత్త అక్కయమ్మ చేట పక్కన పెట్టి లేచింది.

"ఎవురో వస్తాండారు. యశోదా, కొంగు సరిచేసుకో!"

వచ్చింది మునికృష్ణప్పే. కాస్త లావయ్యాడు. ఒక చేతిలో మునుపటిలాంటి పళ్ళెం, రెండో చేతిలో లేసులు ముడివేసిన బూట్ల జత, చుట్టిన పట్టీ గుడ్డ.

"ఏమప్పా ఆంజీ! బెంగళూరు మరిచే పోయినావా?"

"బెంగళూరే నన్ను మరిచింది గదప్పా," అన్నాడు ఆంజనేయప్ప, ఉప్పుమూటను పంచె కింద దాచుకుంటూ.

"కోపముంటాది. ఉండల్ల. నేనేమన్నా ఓనరునా? నేనూ జీతగాణ్ణే." మునికృష్ణప్ప జగిలి మీద కూర్చుని పళ్ళేన్ని మధ్యలో పెట్టాడు. "ఆదివారం ఫైనలు. మన సెంటర్ హాఫు వేరే కంపెనీకి దూకేసినాడు, దొంగనాకొడుకు. ఆ జాగాలో నిలబడే మొగోడు లేడు. నువ్వు పరిగెత్తేది వద్దు, ఊరికే నిలబడు చాలు. నీ పేరు వింటే జనం వస్తారు. ఆట అయినాక నీకు వాచ్‌మన్ కెలస. గేటు కాడ కుర్చీ ఏస్తారు."

"కుర్చీనా!" అంది అక్కయమ్మ. "కూర్చునే పనంటాండాడు గదరా. పొద్దస్తమానం ఈ జగిలి మీద కూర్చునేది ఆ కుర్చీలో కూర్చో. యశోదా, కుంకమ తట్ట తే. పళ్ళెం లోపల పెట్టు."

యశోదమ్మ గడప దాటి వచ్చింది. చేతిలో కుంకుమ లేదు.

"ఆర్డరు తెచ్చినారా అప్పా?"

"ఏం ఆర్డరమ్మా?"

"వాచ్‌మన్ కెలసానికి. సీలు ఏసిన కాగితం."

మునికృష్ణప్ప నవ్వాడు. "మనోళ్ళ మధ్య కాగితమేంది తల్లీ? వక్కాకు తెచ్చినాను. మీ మామ పెద్దమనిషి. ఆ పొద్దు నన్ను కాగితం అడిగినాడా?"

"అడగలేదు. అందుకే ఈ పొద్దు మా ఇంట్లో ఉప్పుమూట కాగతా ఉండాది."

"ఓయమ్మా, బెంగళూరు నీళ్ళు తాగి నోరు నేర్చింది!" అని అక్కయమ్మ నెత్తి కొట్టుకుంది. "నువ్వేమనుకోవాకప్పా. కలుపుకు పోయి పోయి దానికి పెద్దా చిన్నా తెలీకుండా పోయింది."

ఆంజనేయప్ప ఈ మాటలు వింటున్నట్టు లేదు. బూట్లను చూస్తున్నాడు. అరికాలి తోలు మేకులు కొత్తగా మెరుస్తున్నాయి. ఒక బూటు తీసి లోపలికి చెయ్యి పెట్టి చూశాడు, గాదెలో ఇంకా గింజలున్నాయేమో చూసినట్టు.

"పట్టీ కట్టు మే," అన్నాడు.

ఆటకు పోయే ప్రతిసారీ లైను ఇంటి గడప మీద కూర్చుని అతని మోకాలికి ఆమే పట్టీ కట్టేది. వేరేవాళ్ళు కడితే బిగుతో వదులో అయ్యేది అతనికి. ఇప్పుడు ఆమె వంగలేదు.

"కట్టు అంటాండా!"

"కట్టను."

అతను పళ్ళు బిగించి తనే చుట్టుకున్నాడు. గోడ పట్టుకుని లేచి, బూట్లు లేకుండానే వాకిట్లోకి దిగాడు. చెండు లేదు. అయినా వెనక్కి ఒకసారి చూశాడు, ఎవరో తన్నిన చెండు కోసం చూసినట్టు. ఎడమ పాదంతో దాన్ని ఆపాడు. తల ఎత్తి దూరంగా, దిబ్బ అవతల ఉన్న మనిషిని ఎవరినో చూశాడు. వాకిట్లో కోళ్ళు తప్పుకున్నాయి. మిల్లు ఆట చూడడానికి ఆడవాళ్ళను రానిచ్చేవాళ్ళు కాదు. ఇన్నేళ్ళూ ఆమె మట్టి చొక్కాలు ఉతికిందే గాని, మొగుడి ఆట ఒక్కసారీ చూడలేదు. ఈ రోజే చూస్తోంది. నడుము తేలికగా వంగింది. భుజం ఒక వైపు చూపించి, మనిషి రెండో వైపు తిరిగాడు. ఆ క్షణంలో అతను కలుపు కూలితో బతికే ఇంటి మనిషిలా లేడు.

తిరగడం సగంలో కుడి కాలు విడిచిపెట్టింది. పక్కకు, మోచేతి మీద పడ్డాడు.

అక్కయమ్మ కేక పెట్టింది. మునికృష్ణప్ప పరుగున దిగి చంకల కింద చేతులు వేసి లేపి జగిలికి ఆనించాడు. అతని ముఖంలో నిజంగానే జాలి ఉంది. పంచెకు అంటిన మట్టిని తనే దులిపాడు. తర్వాత అన్నాడు:

"ఏమీ కాలేదు. కాంపౌండరు ఉండాడు గదా. సూది ఏస్తే ఆట అయ్యేదాకా తెలీదు."

యశోదమ్మ పళ్ళేన్ని రెండు చేతులా ఎత్తింది. లోపలికి తెస్తోందనుకుని అక్కయమ్మ గడప దగ్గర పక్కకు జరిగింది. ఆమె నేరుగా వాకిట్లోకి దిగి, కారు తలుపు తీసి, వెనక సీటు మీద పళ్ళెం పెట్టింది. కొబ్బరికాయ దొర్లితే సరిచేసింది.

"ఈ ఇంట్లో దీన్ని ఎవురూ తీసుకోలేదప్పా," అంది. "రేపు ఎవురన్నా అడిగితే నువ్వే చెప్పల్ల."

"ఇంటికొచ్చిన వక్కాకును వెనక్కి పంపిస్తావా!" అక్కయమ్మ గడప మీద నుంచే అరిచింది. "మూడు తరాల్లో ఈ గడపలో ఎవురూ చెయ్యని పని! నా మొగుడు ఉండింటే నిన్ను..."

"ఉండింటే ఆయన్నే అడిగేదాన్ని అత్తా, కొడుకును ఎన్ని పొద్దులకు ఇచ్చినావని."

మునికృష్ణప్ప బూట్లు తీసుకున్నాడు. పట్టీ ఆంజనేయప్ప కాలికే ఉంది. దాన్ని వదిలేశాడు.

"ఆడమనిషి మాట నేను పట్టించుకోను ఆంజీ. బాగేపల్లి కాడ పరగోడులో ఒక పిల్లోడు ఉండాడంట, బాగా తన్నుతాడంట. ఇప్పుడు ఆడికి పోతాండా. సాయంత్రం ఇదే దోవన వస్తా. రోడ్డు మీద హారన్ కొడతా. వస్తివా, నువ్వు. రాకపోతివా, ఆ పిల్లోడు. వాళ్ళ నాయిన రైతు. వక్కాకు కాదనడు."

కారు బెంగళూరు వైపు కాకుండా బాగేపల్లి వైపు తిరిగింది. వెనక అద్దంలో కొబ్బరికాయ పిలక కనిపించింది.

అక్కయమ్మ చేట తిప్పుకుని గోడ వైపు కూర్చుంది. యశోదమ్మ ముద్ద గెలికి ఇద్దరి ముందరా పెట్టింది. అక్కయమ్మ ముట్టలేదు. ఆంజనేయప్ప తిన్నాడు. చెయ్యి కడుక్కుంటూ, "నా కాలు. నాది," అన్నాడు. ఆమె నిలబడే రెండు మెతుకులు నోట్లో వేసుకుని కొడవలి తీసుకుని చేనికి పోయింది. ఆలస్యమైందని మేస్త్రీ సగం కూలే రాసుకుంటానన్నాడు. సరేనంది. సాలులో కూర్చుని గడ్డి పట్టి లాగుతుంటే, ఎక్కడో పరగోడులో ఒక ఇంట్లో నలుగురిని పిలుస్తూ ఉంటారనిపించింది. ఒక తల్లి కుంకుమ తట్ట వెదుకుతూ ఉంటుంది.

పొద్దు గూకే వేళకు ఇంటికొచ్చింది. చేతులకు మట్టి, గోళ్ళలో పసరు. ఆంజనేయప్ప జగిలి మీద అదే చోట ఉన్నాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. మోకాలికి పట్టీ అలాగే ఉంది, కొస మాత్రం ఊడి నేల మీద పడి ఉంది. లోపల దీపం వెలిగించిన జాడ లేదు.

రోడ్డు మీద హారన్ మోగింది.

అతను తల తిప్పి రోడ్డు వైపు చూడలేదు. పట్టీ కొస చేతిలోకి తీసుకుని ఆమె వైపు చాచాడు.

"యశోదా," అన్నాడు. అంతే.

కట్టమనో, విప్పమనో ఆమెకు తెలియలేదు. అడగడానికి ధైర్యం చాలలేదు. కొడవలి కింద పెట్టి, మట్టి చేతులతోనే అతని ముందర మోకాళ్ళ మీద కూర్చుంది. గుడ్డ కింద మోకాలు పొయ్యిరాయిలా కాలుతోంది. ఆ కొస పట్టుకుని ఆమె అలాగే ఉండిపోయింది.

హారన్ రెండోసారి మోగింది.