నలభై ఏడో నంబరు గుంజ

చెట్టు రేపు పొద్దున పదింటికి కూలుతుంది. ఆ సంగతి తెలిసి కూడా బాలరాజు ఆ చెట్టు కిందే కూర్చుని అత్త చేతి జొన్నరొట్టె తింటున్నాడు.

ఉప్పల్ బస్టాపు పక్కన ఆ కానుగ నీడలో ఉప్పలమ్మ పద్దెనిమిదేళ్లుగా రొట్టెలు చేస్తోంది. ఫ్యాక్టరీ షిఫ్టు దిగినవాళ్లు, ఘట్‌కేసర్ బస్సు కోసం నిలబడినవాళ్లు ఆమె గిరాకీలు. ఇప్పుడు మెట్రో కోసం రోడ్డు వెడల్పు చేస్తున్నారు. చెట్లు కోసే ముఠాలో అల్లుడు బాలరాజు ఉన్నాడు. నెల కిందట ఆ కానుగ కింది లావు కొమ్మ మీద ఎర్ర రంగుతో 47 అని రాసింది కూడా అతడే.

“గీ అంకె ఏంది అల్లుడా?” అని ఆమె అప్పుడే అడిగింది.

“చెట్లు ఎన్నున్నయో చూస్తున్నరత్తా. ఫికర్ జెయ్యకు.”

ముందే చెబితే జనం అడ్డం పడతారని, నోరు జారినవాడి పని పోతుందని సూపర్‌వైజర్ బెదిరించాడు. బాలరాజు నోరు జారలేదు. చెట్టు కింద రొట్టె తిన్న సాయంత్రం భార్య స్వర్ణలతతో మాత్రం ఒక మాట అన్నాడు.

“రేపు మీ అమ్మను మల్కాజిగిరి కండ్ల దవాఖానాకు తోల్కపో. చూపు తక్కువైందంటుంది గదా.”

మరునాడు ఉప్పలమ్మ డాక్టరు ముందు కూర్చున్న సమయానికి ఇక్కడ రంపం మోగింది. పావుగంటలో అయిపోయింది.

తర్వాతి రోజు పొయ్యి నెత్తిన పెట్టుకుని వచ్చిన ఉప్పలమ్మ, మొద్దు చూసి రోడ్డు మీదే కూలబడింది.

“నాకు తెల్వదత్తా. నిన్న నన్ను అన్నోజిగూడ పనికి తోలిన్రు,” అన్నాడు బాలరాజు.

అబద్ధం బాగానే పనిచేసింది. నిద్ర మాత్రం పట్టలేదు. మూడో రోజు ఆ కానుగ కొమ్మలనే ట్రాలీ ఆటోలో వేసుకుని, అత్తతో కలిసి వాళ్లుండే నాచారంలోని ఇంటికి తెచ్చాడు. ఇంటి ముందు గల్లీ వైపు బంతి మొక్కలు, చిక్కుడు పాదు ఉన్న జాగాలో అత్తకు పందిరి వేస్తానన్నాడు.

“ఇంట్ల ఎన్నడన్న ఒక్క మేకు కొట్టినవా? మా అమ్మకైతే మహలు గడ్తున్నవ్!” అని స్వర్ణలత ఎగతాళి చేసింది.

మేకుల అవసరం రాలేదు. పంగ ఉన్న లావు కొమ్మలు నాలుగు ఏరి, మొదళ్లు నిప్పులో కాల్చి, వేస్ట్ ఆయిల్ పూసి గుంజలుగా పాతాలి. పంగల్లో దూలాలు ఆనించి, వాటి మీద సన్న కొమ్మలు పరిచి తీగతో కట్టాలి. వంకరలు ఉన్నవి ఉన్నట్టే కుదిరిపోయాయి. నాలుగో గుంజ దగ్గర అతని చేయి ఆగింది. సరిగ్గా నడుమన 47. ఎవరికీ కనబడకుండా ఆ వైపు కిందికి తిప్పి, గుంజ మొత్తం బెరడు చెక్కడానికి గొడ్డలి తీశాడు.

“తోలు తియ్యకు అల్లుడా!” ఉప్పలమ్మ పరుగున వచ్చింది. “నా చెట్టు నాకు గిట్లనే కావాలె.”

గొడ్డలి పక్కన పెట్టాడు. ఆమె లోపలికి వెళ్లగానే ఆ గుంజకు ఎర్రమట్టి మెత్తాడు. ఆమె అడిగితే చెదలు పట్టకుండా అన్నాడు. చిక్కుడు తీగ పాకితే ఇక భయం లేదనుకున్నాడు.

ఉప్పలమ్మ ఆ గుంజ పక్కనే పొయ్యి పెట్టింది. “కొడుకు లేని లోటు తీర్చిండు,” అని గల్లీ అంతా చెప్పింది. ఆ మాట విన్న ప్రతిసారీ బాలరాజు చెప్పులేసుకుని బయటికి పోయేవాడు. గల్లీవాళ్లు ఐదారుగురు కొనేవారు, అంతే. ఉప్పల్ గిరాకీలు ఒక్కరూ రాలేదు.

“పద్దెనిమిదేండ్లు తిన్నరు. ఒక్కడన్న ఎతుక్కుంట రాకపాయె,” అనేదామె.

మృగశిర వాన రాత్రంతా దంచికొట్టింది. పొద్దున బాలరాజు లేచేసరికి పొయ్యి వెలగలేదు. మట్టి కరిగిపోయిన గుంజ ముందు ఉప్పలమ్మ నిలబడి ఉంది. ఆమెకు చదువు రాదు. కానీ నెల రోజులు చూసిన ఆ ఎర్ర గీతలు గుర్తున్నాయి. మట్టి ఎవరు మెత్తారో కూడా గుర్తుంది.

“లెక్కకు రాసిన అంకైతే మట్టితోని ఎందుకు దాస్తివి? దవాఖానాకు గందుకే తోలినవా?”

బాలరాజు చెప్పుల కోసం వెతికాడు.

“చెట్టును నేను ఆపుదునా? ఒక్క దినం ముందు చెప్తే, ఫలానా గల్లీకి పోతున్నని మనిషి మనిషికి చెప్పుకొని లేస్తుంటి గదా. ఆల్లకు నా ఇల్లెక్కడో తెల్వదు. చెట్టే తెలుసు.”

ఆమె పొయ్యిని పందిరి బయటికి, ఎండలోకి జరుపుకుంది. అతని వైపు చూడలేదు.

ఆ మధ్యాహ్నం షిఫ్టు వదిలే వేళకు బాలరాజు ఉప్పల్ వెళ్లాడు. మొద్దు కూడా లేదు. రేకుల అడ్డుగోడ ఉంది. దాని పక్కన టిఫిన్ డబ్బాతో నిలబడిన ఒకాయనను పట్టుకున్నాడు.

“అన్నా, ఈడ రొట్టెలు జేసే ఉప్పలమ్మ ఎరుకేనా?”

“ఎందుకెరుకలేదు! మస్తు చేసేది, పాపం. చెట్టు కొట్టేటప్పుడు మీద వడి సచ్చిపోయిందంట గదా. మా ఫ్యాక్టరీల అందరం ఆ దినం శానా బాధవడ్డం.”

“లేదన్నా, మంచిగుంది! నాచారంల...”

ఘట్‌కేసర్ బస్సు వచ్చింది. ఆయన ఫుట్‌బోర్డు పట్టుకుని ఎక్కేశాడు.