తొంభైలో జరగని పోటీ

సిద్ధయ్య పట్టీ చుడుతున్నాడు. మణికట్టు దగ్గర మొదలుపెట్టి, బొటనవేలి చుట్టూ తిప్పి, అరచేతి మీదుగా తెచ్చి, పిడికిలి ఎముకల మీద పొరలు పొరలుగా వేసి బిగించాలి. కుడిచేతికి మాత్రం కాస్త వదులుగా. ఆ చేతిలో ఎముకలు ఎప్పుడో విరిగి, సరిచేసేవాళ్ళు లేక వంకరగా అతుక్కున్నాయి.

సోఫాలో కూర్చున్న బదర్ రెండు చేతులూ ముందుకు చాపి, కళ్ళు మూసుకుని ఉన్నాడు. అరవై దాటినా భుజాలు తలుపంత వెడల్పుగానే ఉన్నాయి. పక్షవాతం వచ్చినప్పటి నుంచీ ఎడమకాలు ఈడుస్తాడు. గుండె కూడా అంతంతమాత్రమే.

"గట్టిగా బిగించు, సదీగ్."

సిద్ధయ్య అనడానికి ఆయనకు నోరు తిరగదు. మొదటిరోజే సదీగ్ అన్నాడు, అంటే స్నేహితుడని. సిద్ధయ్య మాత్రం ఇంటి యజమానిని అందరిలాగే బాబా అనేవాడు. కువైట్‌లో, ముబారక్ అల్ కబీర్‌లోని ఈ ఇంటికి డ్రైవరుగా వచ్చాడు. బాబా మంచాన పడ్డాక కారు తాళాలు ఇంకొకరికి ఇచ్చి, ఆయన స్నానం, మందులు, నడక అన్నీ తన చేతుల్లోకి తీసుకున్నాడు.

రాయచోటి దగ్గరి ఊళ్ళో సిద్ధయ్యకు ఒక గొంతు ఉండేది. తిరునాళ్ళలో ఎద్దుల చేత బండ లాగించే పోటీలు పెడితే మైకు ఆయనదే. ఏ జత ఎంత దూరం లాగిందో, ఏ ఎద్దు కాడి కింద మెడ ఎలా వంచిందో ఆయన చెబుతుంటే, వెనక వరుసల్లో ఏమీ కనిపించనివాళ్ళు కూడా ఈలలు వేసేవారు. ఒకసారి సర్పంచి జత మధ్యలో నిలిచిపోతే, పక్కూరి జత గెలిచిందని మైకులోనే చెప్పాడు. సర్పంచి వచ్చి కళ్ళెర్రజేస్తే ఆయన ఎదుటే రెండోసారి చెప్పాడు. కువైట్ వచ్చాక ఆ గొంతుతో పని లేకపోయింది. అవునని అయివా అనడానికీ, బాగుందని జైన్ అనడానికీ ఎంత గొంతు కావాలి?

ఆ గొంతు మళ్ళీ లేచింది బాబా వల్లనే. చేతులు ఆడించకపోతే బిగుసుకుపోతాయని డాక్టరు చెప్పినా, బదర్ గోడవైపు తిరిగి పడుకునేవాడు. గోడ మీద ఫొటోలో పడుచు బదర్ నడుముకు బాక్సింగ్ ఛాంపియన్ బెల్టు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఒకరోజు ఉండబట్టలేక సిద్ధయ్య అడిగాడు.

"దీని తర్వాత ఎవరితో కొట్లాడినావు, బాబా?"

"ఎవరితోనూ లేదు. సైన్యం వచ్చింది."

తొంభై ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది. బదర్‌ను పట్టుకుపోయి బస్రా జైల్లో పెట్టారు. కుడిచెయ్యి అక్కడే విరగ్గొట్టారు. యుద్ధం ముగిసి ఇంటికి వచ్చినా, ఆ చెయ్యి పిడికిలి పట్టడానికే ఏళ్ళు పట్టింది. అప్పటికి రింగులో కొత్త కుర్రవాళ్ళు ఉన్నారు.

"జరగకపోతే ఏమాయె? ఇప్పుడు జరిపిద్దాం," అన్నాడు సిద్ధయ్య.

అలా మొదలైంది. రోజూ పొద్దున టీ తాగాక, మగవాళ్ళు కూర్చునే పెద్ద గది దివానియాలో ఒక పోటీ. కైరోలో, బ్యాంకాక్‌లో, దమాస్కస్‌లో. సిద్ధయ్య చెప్పేవాడు, బదర్ సోఫాలోనే పిడికిళ్ళు ఆడించేవాడు. కథ అరబ్బీలో మొదలై జోరందుకోగానే తెలుగులోకి జారేది. బదర్‌కు తెలుగు రాకపోయినా, ఆ గొంతు ఎక్కడ లేస్తే అక్కడ దెబ్బ పడిందని తెలిసేది. ప్రతి పోటీలోనూ ఆయనే గెలిచేవాడు. వంటగదిలోంచి వంటమనిషి, కడప అమీర్‌బీ చప్పట్లు కొట్టేది.

"ఈరోజు ఎవరు బాబా? ఆ కొరియావాడేనా?" పట్టీ కొస దోపుతూ అడిగాడు సిద్ధయ్య.

బదర్ కళ్ళు తెరిచాడు. "హాతిమ్."

ఆ పేరు సిద్ధయ్య ఎన్నడూ వినలేదు.

"బస్రావాడు. ఎడమచేతి వాటం. ఆ బెల్టు అతని మీదే గెలిచాను. జడ్జీలు నాకిచ్చారు. ఎవరు బాగా కొట్టారో మా ఇద్దరికీ తెలుసు. తొంభైలో మళ్ళీ ఇక్కడ మా ఇద్దరికీ పోటీ పెట్టాలనుకున్నారు. ఈలోగా అతనికి సైనికుడి బట్టలు తొడిగారు. తిరిగి ఇల్లు చేరలేదట." ఆయన వంకర పిడికిలి బిగించాడు. "జైల్లో నా చెయ్యి విరిచినవాళ్ళ ఊరివాడని ఇన్నాళ్ళూ ఆ పేరెత్తలేదు. యల్లా, కానివ్వు, గంట కొట్టు."

సిద్ధయ్య చెంచాతో గ్లాసు మీద కొట్టాడు.

"వచ్చినాడప్పా హాతిమ్! ఎడమచెయ్యి వెనక దాచిపెట్టుకోని చుట్టూ తిరుగుతాండాడు. మన బాబా చూస్తాండాడు... ఇచ్చినాడు! దవడ కిందనే! పడిపాయె హాతిమ్, పడిపాయె!"

బదర్ చేతులు దించేశాడు.

"అతన్ని నువ్వు చూడలేదు, సదీగ్. అతను అట్లా పడడు. సరిగ్గా చెప్పు."

"నీకు గెలుపు వద్దా, బాబా?"

"అతను లేడు. వచ్చి అడగలేడు. నువ్వూ నేనూ మోసం చేస్తే ఎట్లా?"

సిద్ధయ్య గొంతు సవరించుకున్నాడు. పక్కన స్తంభానికి కట్టిన మైకు ఉన్నట్టే మెడ చాచాడు.

ఈసారి హాతిమ్ పడలేదు. బదర్ ముందుకు తోసుకొస్తే పక్కకు జారాడు, జారుతూనే పక్కటెముకల మీద కొట్టాడు. రెండో రౌండు బదర్‌ది. తాళ్ళ దగ్గర నిలబెట్టి కొట్టాడు. సోఫాలో ఆయన నుదురు చెమర్చింది, కళ్ళు మెరిశాయి. సిద్ధయ్య భయపడి ఆపబోతే చేత్తోనే వారించాడు. మూడో రౌండులో ఇద్దరికీ ఊపిరందలేదు. చివర్లో ఆ దాచిన ఎడమచెయ్యి వచ్చింది.

"చూసుకోలేకపాయె మన బాబా! తగిలె! నిలబడుకున్యాడు, పడలేదు. శభాష్! పడలేదప్పా! గంట కొట్టినారు!" సిద్ధయ్య ఆయాసపడుతూ ఆగాడు. తర్వాత నెమ్మదిగా, స్పష్టంగా, అరబ్బీలో చెప్పాడు. "పాయింట్ల మీద హాతిమ్ గెలిచాడు."

బదర్ సోఫా చేతిని పట్టుకుని లేచాడు. సిద్ధయ్య ఆసరా ఇవ్వబోతే వద్దన్నాడు. తన పక్కన గాలిలో ఉన్న ఒక చేతిని పట్టుకుని పైకెత్తాడు. అలా ఎత్తి పట్టుకుని, పళ్ళన్నీ కనిపించేట్టు నవ్వాడు.

కూర్చున్నాక పట్టీలు విప్పించుకుని, బల్ల మీది నారింజ తీసుకున్నాడు. వంకర వేళ్ళతో తనే ఒలిచి సగం తిన్నాడు. మిగతా సగం సాసర్‌లో పెట్టి, ఆ సాసర్‌ను బల్ల మీద ఎదుటి కుర్చీ వైపు జరిపాడు.

"పోటీ అయ్యాక ఇద్దరం కలిసి తినడం మా పద్ధతి. టీ తీసుకురా."

వంటగదిలో అమీర్‌బీ టీ పోస్తూ అడిగింది. "ఏందన్నా, ఈరోజు అంత గట్టిగా అరిచినావు? ఎవురు గెలిచిండేది?"

"మన బాబా ఓడిపాయె."

"అయ్యో! కోపం చేసుకున్యాడా?"

"లేదు అమీర్‌బీ. ఇంతగా నవ్విండేది నేనెప్పుడూ చూడలే."

టీ తీసుకుని వచ్చేసరికి బదర్ తల సోఫా మీదికి వాలి ఉంది. పెదవుల మీద నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. "బాబా," అన్నాడు సిద్ధయ్య. గ్లాసు కింద పెట్టి, ముక్కు దగ్గర చెయ్యి ఉంచి చూశాడు. ఆ వంకర చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని కొంతసేపు అలాగే కూర్చున్నాడు. తర్వాత లేచి, లోపలికి వెళ్ళి, ఇంట్లో అందరూ మామా అనే బాబా భార్యను పిలిచాడు.

మధ్యాహ్నమే ఖననం జరిగింది. సాయంత్రానికి దివానియా పరామర్శకు వచ్చినవాళ్ళతో నిండింది. సిద్ధయ్య ఉతికిన చొక్కా వేసుకుని కాఫీ పోస్తున్నాడు. ఆ సాసర్ తీసేయబోయిన అమీర్‌బీని "ఉండనీ" అని ఆపాడు. ఆ కుర్చీ దగ్గరికి ఎవరినీ పోనివ్వలేదు.

గోడ మీది ఫొటో చూస్తూ ఒక ముసలాయన నిట్టూర్చాడు. "పాపం బదర్! యుద్ధం రాకపోతే ఇంకెన్ని గెలిచేవాడో!"

సిద్ధయ్య ఆయన కప్పులో కాఫీ పోశాడు. గది చివరి దాకా వినిపించే గొంతుతో అన్నాడు.

"అన్నీ గెలిచినాడు. ఒక్కటే ఓడిపోయినాడు. అది కూడా న్యాయంగా."

అందరూ తలలెత్తి చూశారు. సిద్ధయ్య కాఫీ కూజా పట్టుకుని పక్క మనిషి దగ్గరికి కదిలాడు. ఖాళీ కుర్చీ ముందు, గాజు సాసర్‌లో, ఒలిచిన సగం నారింజ తొనల మీద తెల్లటి పీచు మెల్లగా ఎండుతోంది.