నీళ్లు మళ్లినాయి

సి ప్లస్ ప్లస్ అంటే నాకు మొదటి రోజు నుంచీ ఒళ్లుమంట. తమిళ సీమలో, మా ధర్మపురి కాలేజీలో రాఘవన్ సార్ బోర్డు మీద కారు బొమ్మ గీసి, "క్లాస్ అంటే అచ్చు. ఆబ్జెక్ట్ అంటే ఆ అచ్చులోంచి తీసిన వస్తువు. ప్రతి కారుకీ దాని రంగు, దాని వేగం దాని లోపలే ఉంటాయి" అని తమిళంలో చెప్పుకుంటూ పోయేవారు. మాలో సగంమంది పెన్నాగరం, పాలకోడు పక్క పల్లెల నుంచి బస్సులో వేలాడుతూ వచ్చేవాళ్లం. కారు తలుపు ఎటు లాగితే తెరుచుకుంటుందో తెలియని మాకు కారు ఉదాహరణ! ఇంకేం బుర్రకెక్కుతుంది, నా తలకాయ.

అది రెండువేల ఆరు. రెండో సెమిస్టరులో ఇద్దరిద్దరు కలిసి ఒక చిన్న ప్రాజెక్టు చేయాలన్నారు. మార్కులు కూడా ఇద్దరికీ కలిపే. సార్ హాజరుపట్టీ చూసి, "కవిప్రియ, పిక్కిలి. శాలిని, పిక్కిలి. ఒకే ఊరు, ఒకే బస్సు కదా, మీరిద్దరూ ఒక జత" అని తేల్చేశారు. ఆయన మంచికే అన్నారు పాపం. ఆ కవిప్రియను నేనే. శాలిని వైపు మాత్రం చూడలేకపోయాను.

శాలిని మా చిన్నాయన లక్ష్మణ కూతురు. నాకంటే నాలుగు నెలలు చిన్న. ఇద్దరం ఒకే కంచంలో తిని పెరిగాం. కానీ ఆ ముందరి ఎండాకాలం నుంచి మా రెండిళ్లకూ మాటల్లేవు. బస్సులో నేను ముందు సీటులో, అది వెనక సీటులో. నాకు మార్కులూ అక్కర్లేదు, కంప్యూటరూ అక్కర్లేదు. నా చెల్లెలు నాకు కావాలి. అంతే.

తగువంతా బావి దగ్గర వచ్చింది. పొలం పంచుకున్నా బావిని పంచుకోలేం కదా. అది పొత్తు బావి, ఒకటే మోటరు. నీళ్లకు వంతులు. మా నాయన వంతు ముగిస్తే గట్టు దాటి వెళ్లి, "లక్ష్మణా, నీళ్లు మళ్లినాయిరా" అని, అంటే ఇక నీ వంతని, నోటితో చెప్పాలి. ఆ మాట వినకుండా చిన్నాయన స్టార్టరు మీద చెయ్యి వేయడు. ఈయనా అంతే. తాతల నాటి వాడుక. ఆ ఎండాకాలం మా వంతు రోజున కరెంటు రాలేదు. మర్నాడు వచ్చింది. నాయన మోటరు వేశాడు. చిన్నాయన వచ్చి ఆపేశాడు.

"నీ దినం నిన్నటితో అయిపోయిందన్నా. ఈ దినం నాది."

"కరెంటు లేనిది ఒక దినమా? నీకు న్యాయంగా ఉందా?"

న్యాయం తేలలేదు. మా టమోటా నారు మొత్తం ఎండిపోయింది. అప్పటి నుంచి గట్టు దాటేది లేదు, నోటితో చెప్పేది లేదు. వంతు ముగించినవాళ్లు మోటరు గది తలుపుకి ఒక తువ్వాలు కట్టేసి పోతారు. అన్నదమ్ముల మధ్య ఆ తువ్వాలు చూస్తే నాకు తీసి పొయ్యిలో పెట్టాలనిపించేది.

ల్యాబులో మొదటి రోజు ఒకే కంప్యూటరు ముందు ఇద్దరం బిగుసుకుపోయి కూర్చున్నాం. చివరికి శాలినే తమిళంలో గొణిగింది, కీబోర్డు ఇటు జరపమని. మా ఇళ్లలో తెలుగు, బయటంతా తమిళం. నేనూ తమిళంలోనే జవాబిచ్చాను. మాటల్లేవంటే ఇంటి మాటలు లేవని అర్థమట, తమిళం లెక్కలోకి రాదట! ఆ తీర్పు శాలినిదే. చిన్నప్పటి నుంచీ దానికి అతితెలివి. అలా కొన్ని వారాలు, పుట్టినప్పటి నుంచీ తెలుగే మాట్లాడుకున్న ఇద్దరం, బ్యాంకులో పరాయివాళ్లలాగా తమిళంలో మాట్లాడుకున్నాం.

ప్రాజెక్టు ఏదైనా మీ ఊరి పని మీద చేయండి అన్నారు సార్. మాకు ఇద్దరికీ తెలిసిన పని ఒకటే. రైతు అని ఒక క్లాస్ రాశాం. అందులో పేరు, పొలం, బావిలో నీటిమట్టం, కరెంటు ఉందో లేదో అడిగి మోటరు వేసే ఫంక్షన్. దాంట్లోంచి ఇద్దరు రైతుల్ని తీశాం, రంగస్వామి, లక్ష్మణ. రంగస్వామి మా నాయన పేరు. తేదీ మారితే వంతు మారుతుంది. ప్రోగ్రాము చక్కగా నడిచింది. ఇద్దరి పొలాలూ తడిశాయి, తగువు లేదు. తెర మీదైనా తడిశాయిలే అని మురిసిపోయాం.

పరీక్ష రోజు బయటి కాలేజీ నుంచి పంచవర్ణం మేడం వచ్చారు. ముక్కు మీద కళ్లద్దాలు, ముఖంలో నవ్వు అన్నమాటే లేదు. మా ప్రోగ్రాము నడిపి చూసి అడిగారు.

"రంగస్వామి మోటరు వేశాడు, నీళ్లు దిగాయి. మరి లక్ష్మణ బావిలో దిగలేదేం?"

"అది... బావి ఒకటే మేడం."

"ఒకటేనా? ఇక్కడ రెండున్నాయే!"

బావిని తీసుకెళ్లి రైతు లోపల పెట్టాం. అచ్చులోంచి ఎందరు రైతులొస్తే అన్ని బావులు పుడతాయి. అందరికీ కలిపి ఒకటే ఉండాలంటే ముందు స్టాటిక్ అని ఒక మాట పెట్టాలి. సార్ చెప్పారు, మేం రాసుకున్నాం, పరీక్షలో రెండు మార్కులూ కొట్టేశాం. బావి దగ్గరికొచ్చేసరికి ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. ఎలా తడుతుంది? మా ఇంట్లో పొద్దున లేస్తే నా బావి, నా బావి అంటాడు నాయన. వాళ్లింట్లో చిన్నాయన పాటా అదే. వినీ వినీ మాకు రెండు బావులే నిజమైపోయాయి.

స్టాటిక్ పెట్టాం. బావి ఒకటైంది. హమ్మయ్య అనుకునేలోపు మేడం ఇంకో మెలిక పెట్టారు. రంగస్వామి వంతు రోజున కరెంటు లేదని కొట్టి నడిపారు. తేదీ మారింది, వంతు లక్ష్మణకు పోయింది.

"ఇతనికి నీళ్లే రాలేదు కదా. ఇతని వంతు ఏమైనట్టు?"

ఊరు ఊరంతా తేల్చలేనిది ఈవిడ అడుగుతోంది!

"ఏది సరో నాకు తెలియదు. మీకు ఏది న్యాయమనిపిస్తే అది రాయండి. పక్కవాళ్లని చూసి వస్తాను" అని ఆవిడ లేచారు.

కీబోర్డు నా ముందే ఉంది. చేతులు ఆడలేదు. పోయిన వంతు పోలేదని రాస్తే మా నాయన గెలిచినట్టు, శాలిని ఏమనుకుంటుందో. పోయిందని రాస్తే ఎండిపోయిన నారు కళ్లముందు కనబడుతోంది. ఏడుపొచ్చింది నాకు, సిగ్గు లేకుండా, ల్యాబులో.

"జరగవే అక్కా" అంది శాలిని. తెలుగులో.

కీబోర్డు లాక్కుని టకటకా కొట్టింది. మోటరు నడిచి వంతు తీరేదాకా వంతు మారదు, తేదీ ఏదైనా సరే. అదీ అది రాసిన లైను.

"చిన్నాయనకు తెలిస్తే చంపుతాడే నిన్ను."

"మా నాయన సి ప్లస్ ప్లస్ చదవతాడా ఏమి? సుమ్మా ఉండు." తెర వైపే చూస్తూ అంది, "పెద్దనాయన నారు ఎండినబ్బుడు నేనూ చూస్తానే ఉంటిని కదక్కా. నాకు నిద్ర పట్టలేదు."

నేను కళ్లు తుడుచుకుని ఒక్క లైను కలిపాను. వంతు తీరగానే తెర మీద 'నీళ్లు మళ్లినాయి' అని రావాలి, ఇంగ్లీషు అక్షరాలతో. మేడం తిరిగొచ్చి అది చూసి, ఇదేం భాష అన్నారు. మా ఇంటి మాట మేడం అన్నాను. ఇద్దరికీ పాస్ మార్కులు వేసి పంపించారు.

ఆ సాయంత్రం నాయన సంగటి తింటుంటే ఎదురుగా కూర్చుని అంతా చెప్పేశాను. తిడితే తిట్టనీ, దాచి దాచి నాకే విసుగు పుట్టింది. శాలినితో జత అన్నప్పుడు ఆయన ముఖం ఎర్రబడింది. బావి గురించి అనేసరికి తినడం ఆపాడు.

"కరెంటు లేని దినానికి ఏమి రాసినారు?"

"వంతు పోలేదని రాసినాము. తీరినాకనే మారేది."

"అదిగో! కంప్యూటరుకు ఉండే బుద్ధి ఆ లక్ష్మణకు లేకపాయె."

"కంప్యూటరు కాదు నాయనా. శాలిని రాసింది. నాకు చేతులు రాలేదు, అది లాక్కుని రాసింది."

నాయన సంగటి సగం అలాగే వదిలి చెయ్యి కడుక్కున్నాడు.

మా వంతు వచ్చిన రోజు నేను టమోటా మడిలో ఉన్నాను. మధ్యాహ్నం కరెంటు చాలాసేపు పోయింది. వచ్చాక కూడా అన్ని సాళ్లకూ నీళ్లు పారలేదు. పొద్దు వాలింది. నాయన మోటరు ఆపి, తువ్వాలు చేత్తో పట్టుకుని గది తలుపు దగ్గర నిలబడ్డాడు. అక్కడే కాసేపు నిలబడ్డాడు. తరువాత దాంతో ముఖం తుడుచుకుని, భుజాన వేసుకుని గట్టు దాటాడు.

"లక్ష్మణా, నీళ్లు మళ్లినాయిరా" అన్నాడు.

చిన్నాయన వంగి కలుపు తీస్తున్నవాడు లేవలేదు. వినబడలేదేమో అనుకున్నాను. తరువాత నడుం పట్టుకుని మెల్లగా లేచి, మా మడి వైపు చూశాడు.

"మధ్యాన్నం కరెంటు పాయె కదన్నా. నీ సాళ్లన్నీ తడిసినాయా?"

"కడాన నాలుగు సాళ్లు ఉండాయి. పొద్దు పాయె కదా అని..."

"పొద్దుదేముంది. పోయి మోటరు వేసుకో పో. తీరినాక వచ్చి చెప్పు."